అతలాకుతలం అనే ముందు

నేను రాజమండ్రిలో ఒక పత్రికలో సబ్ ఎడిటర్‌గా చేరింది 1996లో. చేరి మూడు నెలలు కాకుండానే తుఫాను వచ్చింది. నవంబరు 6 రాత్రి కోనసీమని పట్టి ఊపేసిన ఆ తుఫాను గురించి గోదావరి జిల్లాల వాళ్లకి కొత్తగా చెప్పక్కర్లేదు. కరెంటు లేదు, ఫోన్లు లేవు, రోడ్ల మీద ఎక్కడ చూసినా అడ్డంగా కొబ్బరిచెట్లే. రెండు రోజుల పాటు ఆ వైపు నుంచి డెస్కుకి ఒక్క వార్త రాలేదు. మూడో రోజు మధ్యాహ్నం, ఊళ్ల నుంచి వార్తలు రాసి పంపే ఒక కంట్రిబ్యూటర్, సందున్న చోట సైకిలు తొక్కుతూ, చెట్టు అడ్డమొచ్చిన చోట దాన్నే భుజాన వేసుకుని దాటుతూ, చివరికి ఏదో లారీ పట్టుకుని వచ్చాడు. లుంగీ మీదే వచ్చాడు. పాలిథిన్ కవర్లో మడిచి పెట్టిన నాలుగు కాగితాలు నా బల్ల మీద పెట్టి, "టీ ఏమైనా దొరుకుతుందాండీ" అన్నాడు.

ఆ కాగితాలు చదివి నేను మహా ఉత్సాహంగా హెడ్డింగ్ పెట్టాను: 'కోనసీమలో అల్లకల్లోలం'. మా డెస్క్ ఇన్‌చార్జి గారు కళ్లజోడు పైకి నెట్టుకుని చూశారు.

"కల్లోలం అంటే ఏంటయ్యా?"

"గందరగోళం సార్."

"అల. పెద్ద అల. ఈ కాగితాల్లో సముద్రం ఉందా?"

లేదు. ఉన్నదంతా కూలిన చెట్లు, ఎగిరిపోయిన పైకప్పులు. ఆయన కల్లోలాన్ని కొట్టేసి 'అతలాకుతలం' అని రాశారు. కాసేపు దానివంక చూశారు. దాన్నీ కొట్టేశారు. ఆఖరికి ఏ హెడ్డింగ్ వెళ్లిందో తర్వాత చెబుతాను.

డెస్కు ఉద్యోగం వదిలేశాక ఇప్పుడు విజయవాడలో ఇంట్లోనే కూర్చుని అనువాదాలు చేస్తున్నాను. ఈ పనిలోకి కొత్తగా వచ్చిన పిల్లలు కొందరు వాళ్ల కాపీలు పంపి దిద్దిపెట్టమంటుంటారు. వాళ్లు తరచుగా అడిగే వాటిలో ఇదొకటి: ఇంగ్లిషులో 'అప్‌హీవల్' (ఉన్నదంతా ఉన్నట్టుండి తలకిందులైపోవడం) అని వస్తే తెలుగులో ఏం రాయాలి? నిఘంటువు తీస్తే ఓ డజను మాటలు కనపడతాయి. అన్నీ ఒకటేలే అని చేతికందింది వేసేస్తారు. అందరి చేతికీ ముందు అందేది అతలాకుతలం. గంటసేపు వాన పడితే నగరం అతలాకుతలం. సర్వర్ ఆగితే పరీక్షలు అతలాకుతలం. కోతులొస్తే ఊరు అతలాకుతలం. నవ్వకండి, కోతుల వార్త నిజంగానే వచ్చింది, నేనే దిద్దాను. అందుకని ఈ ఒక్క మాట ఎప్పుడు వాడాలో, ఎప్పుడు దాని చుట్టాల్లో ఒకరిని పిలవాలో, ఎప్పుడు ఎవర్నీ పిలవకుండా ఊరుకోవాలో నాకు తెలిసినంతలో చెబుతాను.

మాట లోపలి బొమ్మ

పాత నిఘంటువుల్లో ఇది 'అతలకుతలము'. పత్రికల వాడుకలో మధ్యలో దీర్ఘం చేరి అతలాకుతలం అయింది. ఇప్పుడు అదే అందరి నోటా నిలిచింది కాబట్టి అలాగే రాయండి.

మా ఇన్‌చార్జి గారు దీన్ని విడదీసి చెప్పిన పద్ధతి నాకు బాగా నచ్చింది. భూమి కింద ఏడు లోకాలుంటాయని పురాణాలు చెబుతాయి కదా. అందులో మొదటిది అతలం, చివరిది పాతాళం. అంటే అతలం సరిగ్గా మన కాళ్ల కిందే ఉంది. ఇక 'కు' అంటే భూమి. భూమి కొడుకు కాబట్టే అంగారకుణ్ణి కుజుడు అంటాం. కుతలం అంటే మనం నిలబడ్డ నేల. కింద ఉండాల్సింది, పైన ఉండాల్సింది ఒకదాంట్లో ఒకటి కలిసిపోవడం, ఏది నేలో ఏది గొయ్యో తెలియకపోవడం, అదీ అతలాకుతలం.

ఈ బొమ్మ ఒక్కసారి కళ్లలో పడితే సగం తప్పులు వాటంతటవే పోతాయి. కోతులు పెంకులు పీకాయి, అరటిగెలలు పట్టుకుపోయాయి. కానీ ఊరు ఊరులాగే ఉంది. కింద లోకం పైకి రాలేదు. ఆ వార్తకి నేను పెట్టిన హెడ్డింగ్ 'కోతులతో కంటి మీద కునుకు లేదు'.

నేను పిల్లలకి చెప్పే పరీక్ష ఒకటుంది. మీరు రాసిన వాక్యం తర్వాత 'కోలుకోవడానికి ఇన్నాళ్లు పట్టింది' అని ఇంకో వాక్యం ఊహించుకుని చూడండి. అది అతికితే అతలాకుతలం వాడొచ్చు. సాయంత్రానికి సర్దుకునేదైతే వద్దు. ట్రాఫిక్ రెండు గంటలు ఆగితే అది స్తంభించింది, లేదా అస్తవ్యస్తమైంది. సర్వర్ పడుకుంటే పరీక్షలు నిలిచిపోయాయి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చి వెళ్లాక విశాఖ అతలాకుతలమైంది అంటే ఎవరూ కాదనరు. చెట్లు, స్తంభాలు, విమానాశ్రయం పైకప్పు, ఏదీ ఉండాల్సిన చోట లేదు.

ఎప్పుడు అన్నది అన్నిటికంటే ముఖ్యం

అతలాకుతలం జరుగుతున్నప్పటి మాట కాదు, జరిగాక చూసినవాడి మాట. ఈ సంగతి నాకు అర్థం కావడానికి ఇరవై ఏళ్లు పట్టింది.

2016 నవంబరు 8, రాత్రి ఎనిమిది. టీవీలో ప్రధాని ప్రసంగం. అర్ధరాత్రి నుంచి అయిదొందలు, వెయ్యి నోట్లు చెల్లవు. మొదటి పేజీలో అప్పటిదాకా కట్టిందంతా పీకేయాలి. డెస్కులో అందరూ ఒకేసారి మాట్లాడుతున్నారు. అప్పుడే చేరిన ఒక అమ్మాయి ఐదు నిమిషాల్లో ఐటెమ్ కొట్టి నాకు చూపించింది. పైన 'దేశం అతలాకుతలం' అని ఉంది.

"ఎక్కడమ్మా?" అన్నాను.

"దేశం మొత్తం సార్."

"కిందకెళ్లి టీకొట్టులో అయిదొందల నోటు ఇచ్చి చూడు."

పది నిమిషాల్లో వచ్చింది. "తీసుకునేవాడే సార్. చిల్లర లేదన్నాడు."

టీకొట్టతనికి ఇంకా సంగతి తెలియదు. దేశం అతలాకుతలం అయిందని మేం రాయబోతున్న వేళకి కింద టీ మామూలుగానే కాగుతోంది. ఆ రాత్రికి మాకు పనికొచ్చిన మాటలు వేరే: కుదుపు, పిడుగు, రాత్రికి రాత్రే. దెబ్బ తగిలిన క్షణాన్ని చెప్పేవి అవి. వాటికి ఫలితంతో పనిలేదు.

ఆ తర్వాత మూడు వారాలకి అదే అమ్మాయి కృష్ణా డెల్టా ఊళ్లు తిరిగొచ్చింది. వరికోతల రోజులు. కూలి ఇవ్వడానికి రైతు చేతిలో నోటు లేదు. కొందరు పాతనోట్లే ఇస్తున్నారు, కూలీలు వాటిని పట్టుకుని బ్యాంకు ముందు లైన్లో నిలబడి ఆ రోజు పని పోగొట్టుకుంటున్నారు. కోత ఆగింది. కోత ఆగితే రెండో పంటకి నారు ఆగుతుంది. అప్పుడు తను మళ్లీ 'అతలాకుతలం' రాసింది. నేను పెన్ను ఎత్తలేదు.

ఇలా చూస్తే ఈ మాటలకి ఒక వరస దొరుకుతుంది. దెబ్బ పడ్డ క్షణానికి కుదుపు. పడ్డాక మిగిలినదానికి అతలాకుతలం. ఎటూ తేలకుండా సాగుతున్నంతకాలం సంక్షోభం. పాతది పోయి కొత్త పద్ధతి నిలబడితే విప్లవం. 1984లో ఎన్టీఆర్‌ని ఆగస్టు 16న దించేసి, సెప్టెంబరు 16న మళ్లీ కూర్చోబెట్టారు. మధ్య నెలరోజులు ఊపిరి బిగబట్టిన వ్యవహారం. దాన్ని తెలుగువాళ్లు ఆగస్టు సంక్షోభం అన్నారు. ఆగస్టు విప్లవం అనలేదు, ఆగస్టు అతలాకుతలమని అసలే అనలేదు. ఆ పేరు పెట్టినవాళ్లు ఎవరోగానీ మాట తెలిసినవాళ్లు.

విజయవాడ బుడమేరు వరద సంగతి కూడా ఇలాగే. 2024 సెప్టెంబరు 1న సింగ్‌నగర్‌లోకి నీళ్లొచ్చాయి. మా అక్కయ్యవాళ్లు అక్కడే ఉంటారు, కింది పోర్షనులో. నీళ్లు నిలిచిన రోజులన్నీ వాళ్లు పై వాటాలోవాళ్ల దగ్గర తలదాచుకున్నారు. దాన్ని జలదిగ్బంధం అనాలి. నాలుగు దిక్కులా నీళ్లు కట్టేశాయి, అంతే, ఏదీ కదలట్లేదు. నీళ్లు తీశాక ఇంటికి వెళ్లి తలుపు తోస్తే తెరుచుకోలేదు. లోపల ఫ్రిజ్జు నీళ్లమీద తేలుతూ వచ్చి, నీళ్లు దిగేసరికి గుమ్మానికి అడ్డంగా వెల్లకిలా పడుకుంది. కిటికీలోంచి దూరి దాన్ని జరిపాం. బియ్యం డబ్బా మంచం మీద ఉంది. మంచం మీద ఉండాల్సిన పరుపు వంటింట్లో ఉంది. దేవుడి పటం బురదలో బోర్లా పడి ఉంది. ఆ వాకిట్లో నిలబడి 'అతలాకుతలం' అంటే అందులో ఒక్క అక్షరం కూడా ఎక్కువ కాదు.

పక్కన ఏ క్రియ పెట్టాలి

హెడ్డింగులో తప్ప ఈ మాట ఒంటరిగా నిలబడదు. పక్కన 'అవు' గానీ 'చేయి' గానీ ఉండాలి. తుఫాను ఊరిని అతలాకుతలం చేసింది; ఊరు అతలాకుతలమైంది; అతలాకుతలమైన బతుకులు. ఇంతే. 'అతలాకుతలం జరిగింది' అనం. 'అతలాకుతలాలు' అని బహువచనం లేదు. 'ప్రజలు అతలాకుతలాన్ని ఎదుర్కొన్నారు' అని ఎక్కడైనా కనపడితే అది మనిషి రాసింది కాదనో, మనిషే రాసినా చదువుకోకుండా పంపేశాడనో అనుకోవచ్చు.

మిగతా మాటల క్రియలు వేరు, ఇక్కడే ఎక్కువమంది జారతారు. కల్లోలం రేగుతుంది, చెలరేగుతుంది, సద్దుమణుగుతుంది. లోపల అల ఉంది కాబట్టి లేవడమూ పడటమూ దానికి సహజం. సంక్షోభం తలెత్తుతుంది, ముదురుతుంది. అందులో చిక్కుకుంటాం, దాన్నుంచి గట్టెక్కుతాం. ఉపద్రవం ముంచుకొస్తుంది, వచ్చిపడుతుంది, అదృష్టం బాగుంటే తప్పిపోతుంది. సంచలనం రేగుతుంది, కలుగుతుంది.

వీటన్నిటికీ కలిపి ఒకే క్రియ పెట్టే జబ్బు ఒకటి పత్రికలకి పట్టుకుంది: సృష్టించింది. కల్లోలం సృష్టించింది, సంచలనం సృష్టించింది, బీభత్సం సృష్టించింది. నేనూ ఏళ్లతరబడి అదే రాశాను, గుడ్డిగా. బ్రహ్మదేవుడికి కూడా ఇంత పని ఉండదు. పైగా బీభత్సం నవరసాల్లో ఒకటి, చూసేవాడికి కలిగే ఏవగింపు. 'ఏనుగులు బీభత్సం సృష్టించాయి' అని రాస్తుంటారు గానీ, ఏనుగు సృష్టించేది అది కాదు. ఏనుగులు చేల మీద పడ్డాయి, చెరకు తొక్కేశాయి అంటే సరిపోతుంది.

చుట్టాలు

కల్లోలం గురించి చెప్పాను. మనుషుల మధ్య గొడవలకి ఇది బాగా కుదురుతుంది, ఎందుకంటే అక్కడా ఒకటి లేస్తే ఇంకోటి లేస్తుంది. కల్లోలిత ప్రాంతం అని సర్కారు భాషలో కూడా ఉంది. మనసుకి కూడా వాడొచ్చు: మనసంతా కల్లోలంగా ఉంది. మనసు అతలాకుతలం అంటే మాత్రం నాకు కాస్త అతి అనిపిస్తుంది. ఒప్పుకునేవాళ్లూ ఉన్నారు.

ఉపద్రవం అంటే మీదికి పరిగెత్తుకొచ్చేది. అందులో పరుగు ఉంది. అందుకే దానికి రాకడే ప్రధానం, వచ్చాక ఏమైందన్నది ఆ మాట చెప్పదు. 'పెద్ద ఉపద్రవం తప్పింది' అనగలం గానీ 'అతలాకుతలం తప్పింది' అనలేం. ఉత్పాతం మొదట అపశకునం, రాబోయే కీడుకి గుర్తు. ఇప్పుడు కీడునే ఉత్పాతం అంటున్నాం. ఇళ్లల్లో మాత్రం ఆ మాట పిల్లల నెత్తిన పడింది. మా అమ్మ నన్ను 'ఉత్పాతపిండం' అని తిట్టని రోజు లేదు.

విప్లవం కథ అన్నిటికంటే చిత్రం. అందులో ఉన్న 'ప్లవ' అంటే తేలడం. 2021 ఉగాదితో మొదలైన ఏడాది పేరు కూడా ప్లవే. సంస్కృతంలో విప్లవం అంటే చెదిరిపోవడం, ఆపద, దేశానికి పట్టిన అరిష్టం. చెడ్డమాట. అదే తెలుగులో ఇరవయ్యో శతాబ్దంలో ఎర్రజెండా పట్టుకుంది, గౌరవం సంపాదించుకుంది. 1970లో రచయితలు సంఘం పెట్టుకుంటే దాని పేరులో చేరింది. తర్వాత హరిత విప్లవం, శ్వేత విప్లవం, నీలి విప్లవం అని పొలాల్లోకీ పాలకేంద్రాల్లోకీ చేపల చెరువుల్లోకీ వచ్చింది. ఇప్పుడు టూత్‌పేస్టు కూడా విప్లవాత్మకమే. ఇంగ్లిషులో కంపెనీలవాళ్లు 'డిస్రప్షన్' (పాత పద్ధతిని చెదరగొట్టడం) అని గర్వంగా చెప్పుకునేది వచ్చినప్పుడు పిల్లలు విప్లవం అని వేస్తున్నారు. కొత్త పద్ధతి నిలబడిందంటే వేయండి. పాతవాళ్ల కొట్లు మూతపడటమే కనపడుతుంటే అది 'వ్యాపారం తీరే మారిపోయింది' అంతే.

తిరుగుబాటు, పితూరీ ఇంకో రకం. వీటిలో మార్పు కంటే మనుషులు ముఖ్యం, ఎవరు ఎవరి మీద లేచారన్నది ముఖ్యం. జాగ్రత్త కూడా ఎక్కువ కావాలి, ఎందుకంటే ఈ మాటల్లో రాసేవాడు ఏ పక్కన ఉన్నాడో తెలిసిపోతుంది. 1857ని సిపాయిల తిరుగుబాటు అన్నవాళ్లు వేరు, ప్రథమ స్వాతంత్ర్య సంగ్రామం అన్నవాళ్లు వేరు. మన్యంలో 1879లో జరిగిందీ, 1922లో అల్లూరి సీతారామరాజు నడిపిందీ సర్కారు కాగితాల్లో పితూరీలు. ఈ రోజు ఏ ఇంట్లోనైనా పితూరీ అంటే అన్నయ్య ఫోన్ చూస్తున్నాడని చెల్లెలు అమ్మకి చెప్పేది. తుపాకులు పట్టిన మాట చివరికి అలా చాడీగా మిగిలింది.

కకావికలం అంటే చెల్లాచెదరు కావడం. గుంపుగా ఉన్నవాళ్లు తలోదిక్కూ అయిపోవడం. 2020 మార్చి 24 రాత్రి లాక్‌డౌన్ ప్రకటించారు, తెల్లారితే శార్వరి ఉగాది. శార్వరి అంటేనే రాత్రి. పచ్చడికి మామిడికాయ దొరకలేదని మేం ఇళ్లల్లో అనుకుంటుండగా వలసకూలీలు నడక మొదలుపెట్టారు. వాళ్ల బతుకులు కకావికలమయ్యాయి అనడమే నాకు సరైనది అనిపిస్తుంది. ఛిన్నాభిన్నం అంటే కోసి, పగలగొట్టి ముక్కలు చేయడం; కుటుంబాలకి, సైన్యాలకి, కూటములకి వాడతాం. తలకిందులు మాత్రం దేనికైనా వాడొచ్చు: అంచనాలు తలకిందులయ్యాయి, లెక్క తలకిందులైంది, బతుకు తలకిందులైంది. ఏ మాటా తోచకపోతే దాన్ని నమ్ముకోండి. అది ఎప్పుడూ మోసం చేయదు.

తెలంగాణ పాఠకుల కోసం రాస్తుంటే వీటన్నిటి కంటే బలమైన మాట మీ దగ్గరే ఉంది: ఆగం. 'బతుకు ఆగమైంది' అన్న రెండు ముక్కల్లో ఉన్న దుఃఖం 'జీవితం అతలాకుతలమైంది'లో లేదు. నాతో పనిచేసిన ఒక వరంగల్ మిత్రుడు మా హెడ్డింగులు చూసి, "ఇంత పెద్ద మాట ఎందుకన్నా, ఆగమాగం అనరాదే" అనేవాడు. ఎడిషన్లు వేరు కాబట్టి అప్పట్లో నవ్వి ఊరుకునేవాణ్ణి. ఇప్పుడైతే అదే వేస్తాను. హైదరాబాద్ మూసీ వరదని, 1908 సెప్టెంబరు 28 నాటిదాన్ని, ఉర్దూలో తుగ్యానీ అన్నారు. పొంగడం, హద్దు మీరడం రెండూ ఆ ఒక్క మాటలోనే ఉన్నాయి. పాతబస్తీ గురించి రాసేటప్పుడు ఆ పేరే వాడండి, దాన్ని తెలుగు చేయకండి.

ఉన్నట్టుండి అన్న సంగతి

ఒకటి గమనించండి. అతలాకుతలంలో 'హఠాత్తుగా' అన్న అర్థం లేదు. ఇంగ్లిషు మాటలో అది కొంత కలిసి వస్తుంది కాబట్టి తెలుగులో వేరే మాటతో తెచ్చి కలపాలి. ఏ మాట అన్నది మళ్లీ సందర్భాన్ని బట్టి ఉంటుంది. హఠాత్తుగా అన్నదానికి చావు వాసన ఉంది, హఠాన్మరణం గుర్తొస్తుంది. ఆకస్మికం కలెక్టర్ గారిది, ఆకస్మిక తనిఖీ, వరదలకి కూడా. మెరుపు సమ్మెలకీ దాడులకీ. రాత్రికి రాత్రే అంటే నిజంగా రాత్రి జరిగి ఉంటే బాగుంటుంది, నోట్ల రద్దులాగా. ఇంటి విషయాలకి ఉన్నట్టుండి. దేనికైనా పనికొచ్చేది ఒక్కసారిగా.

ఒకే వాక్యంలో రెండు పెట్టకండి. 'ఉన్నట్టుండి ఒక్కసారిగా' అని రాస్తే రెండోసారి ఎవరూ ఉలిక్కిపడరు.

ఒక కాపీ దిద్దుదాం

ఈ మధ్య ఒక సంస్థ కోసం కౌన్సెలింగ్ పుస్తకం తెలుగు చేస్తున్న అబ్బాయి పంపిన వాక్యం ఇది: 'విడాకులు ఆమె జీవితంలో ఒక గొప్ప కల్లోలాన్ని సృష్టించాయి.' మూలంలో అప్‌హీవల్ ఉంది. వ్యాకరణం తప్పేమీ లేదు. కానీ తెలుగులో ఎవరూ ఇలా అనరు. విడాకులు వచ్చి ఏదీ సృష్టించవు. 'గొప్ప' కల్లోలం ఏమిటి, 'ఒక' ఎందుకు?

మొదట 'విడాకులతో ఆమె జీవితం ఒక్కసారిగా తలకిందులైంది' అని మార్చాను. బాగానే ఉంది. కానీ తర్వాతి పేరాలో ఆ అమ్మాయి పిల్లాణ్ణి తీసుకుని పుట్టింటికి రావడం, వాడి స్కూలు మారడం, తన పేరు మీద బ్యాంకు ఖాతా కూడా లేదని అప్పుడు తెలియడం, ఇవన్నీ ఉన్నాయి. "బాబూ, ఇంత ఉండగా మధ్యలో ఈ వాక్యం ఎందుకు?" అని అడిగాను. చివరికి ఇలా నిలిచింది: 'విడాకుల తర్వాత ఏది ఎక్కణ్ణుంచి మొదలుపెట్టాలో ఆమెకు తెలియలేదు.' మూలంలో మాట ఒకటి పోయింది. సంస్థవాళ్లు అడిగితే నా నంబరు ఇవ్వమన్నాను. ఎవరూ అడగలేదు.

1996 నవంబరు హెడ్డింగ్ సంగతి ఇక్కడే చెప్పాలి. అతలాకుతలాన్ని కూడా కొట్టేశాక ఇన్‌చార్జి గారు ఆ నాలుగు కాగితాలు మళ్లీ మొదట్నుంచి చదివారు. మూడో కాగితం అడుగున, నష్టాల లెక్కలన్నీ అయిపోయాక, ఆ కంట్రిబ్యూటర్ ఒక ముక్క రాశాడు, వార్తలాగా కాదు, మామూలుగా: 'మా ఇంటి అరుగు మీంచి చూస్తే పక్క ఊరి గుడి గోపురం కనపడుతోంది.' నేను దాన్ని కొట్టేసి ఉన్నాను, వార్తకి సంబంధం లేదని. ఆయన వేలు పెట్టి చూపించారు. కోనసీమలో ఒక ఊరి నుంచి ఇంకో ఊరు కనపడదు. మధ్యలో కొబ్బరితోటలు అలా ఉంటాయి. అడ్డున్న తోట పోతేనే గోపురం కనపడేది. ఆయన హెడ్డింగ్ అదే పెట్టారు: 'పక్క ఊరి గోపురం కనపడుతోంది'. కంట్రిబ్యూటర్ అప్పటికి రెండో టీ తాగుతున్నాడు. తన వాక్యం పైకి వెళ్లిందని చెబితే, "అది వార్త కాదండీ, ఊరికే రాశాను" అన్నాడు.

అక్షరాల తప్పులు

ఫోన్లో టైపు చేసేవాళ్లకి ఈ మాట తిప్పలు పెడుతుంది. 'అతాలకుతలం', 'అతలాకుతాలం', 'అతలాకుతులం' మూడూ నాకు వచ్చిన కాపీల్లో ఉన్నాయి. దీర్ఘం ఒక్కటే, అది 'లా' దగ్గర. క్రియ కలిపేటప్పుడు 'అతలాకుతలమైంది' అని ఒకే మాటగా రాయొచ్చు, 'అతలాకుతలం అయింది' అని విడదీసీ రాయొచ్చు. హెడ్డింగులో చోటు చాలకపోతే విడదీసి రెండో ముక్క వదిలేయండి, 'విశాఖ అతలాకుతలం' అంటే చదివేవాళ్లకి అర్థమవుతుంది. మాటని మాత్రం లైను చివర విరగ్గొట్టకండి. ఒకసారి మా పేజీలో 'అతలా' ఒక లైనులో, 'కుతలం' కింది లైనులో పడితే, మర్నాడు పొద్దున్నే ఒక పెద్దాయన ఫోన్ చేసి ఆ అతలా ఎవరని అడిగారు.